ఆర్టీ షానా, బెన్నీ గుడ్‌మనా? పాత జాజ్ క్లారినెట్ వినాలంటే ఎవరితో మొదలుపెట్టాలి

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వెళ్తుంటే డ్రమ్ముల మోతలోంచి పైకి లేచి సినిమా పాట పల్లవి ఎత్తుకునే నల్ల వాయిద్యం ఉంటుంది చూడండి, అదే క్లారినెట్. మన దగ్గర ఎక్కువమందికి అది పెళ్లి బ్యాండులోనే పరిచయం. అమెరికాలో మాత్రం 1935 నుంచి 1945 దాకా ఓ పదేళ్లు దానిదే రాజ్యం. రేడియో పెడితే అదే, డాన్స్ హాలుకి వెళ్తే అదే, పదిహేను పదహారు మంది బ్యాండుని ముందు నిలబడి నడిపించే మనిషి చేతిలో కూడా చాలాసార్లు అదే. ఆ కాలాన్ని బిగ్ బ్యాండ్ కాలం అంటారు, స్వింగ్ కాలం అని కూడా అంటారు.

మా బాబాయి కొడుకు ఒకడు సాక్సోఫోన్ నేర్చుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి "అన్నా, ఆ పాత క్లారినెట్ వాళ్లలో ఒక్క పేరు చెప్పు చాలు, వారం రోజులు ఆయన్నే వింటా" అన్నాడు. ఆర్టీ షా అని నోట్లోంచి వచ్చేసింది, చెప్పాక అంతే పేరున్న ఇంకో క్లారినెట్ బ్యాండ్ లీడర్ బెన్నీ గుడ్‌మన్‌ని వదిలేశానే అని మనసు పీకింది, ఎందుకంటే ఇద్దర్లో ఎవరు గొప్ప అన్న గొడవ 1938 నుంచీ నడుస్తోంది, అప్పట్లో అభిమానులు మన హీరోల ఫ్యాన్స్ లాగే రెండు వర్గాలుగా చీలి కొట్టుకునేవాళ్లు. అందుకే వాడికి ఫోన్లో చెప్పింది కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా, వాడిలాగే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని.

ముందు ఎవరి కథలూ చదవకుండా ఒకే పాట ఇద్దరిదీ పక్కపక్కన పెట్టి వినండి. పాట పేరు మూన్‌గ్లో. గుడ్‌మన్ దీన్ని 1936 ఆగస్టులో నలుగురితో చేశాడు: తను క్లారినెట్, టెడ్డీ విల్సన్ పియానో, లయనెల్ హ్యాంప్టన్ వైబ్రఫోన్ (పుల్లలతో కొడితే గంటల్లా మోగే లోహపు పట్టీల వాయిద్యం), జీన్ క్రూపా డ్రమ్స్, అంతే, బాస్ కూడా లేదు. షా 1941 జనవరిలో పెద్ద బ్యాండు, దాని వెనకాల వయొలిన్ల గుంపు పెట్టి చేశాడు. రెండూ మూడు నిమిషాల పైచిలుకే, నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల గ్రామఫోను ప్లేటు మీద ఒక వైపు అంతకంటే పెద్దగా పట్టదు మరి. గుడ్‌మన్ది వింటుంటే రాత్రి భోజనాలయ్యాక నలుగురు స్నేహితులు అరుగు మీద కూర్చుని గొంతు పెంచకుండా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, ఒకడి మాట అందుకుని ఇంకొకడు, ఎవరూ ఎవర్నీ తోసెయ్యరు. షాది విన్నప్పుడు మాత్రం ఒక్క మనిషి పాడుతున్నట్టే ఉంటుంది, మిగతావాళ్లంతా ఆ పాటకి పందిరి వేసినట్టు. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకుందామని నేను చాలాసార్లు చూశా, దొరకదు, ఒక సంగతి ఇంకో సంగతిలోకి నూనె ధార లాగా జారిపోతుంది.

ఈ రెండిట్లో మీకు ఏది మళ్లీ పెట్టాలనిపించిందో దాన్నిబట్టే మీ దారి. నలుగురి మాటలు నచ్చితే గుడ్‌మన్, ఒక్కడి పాట నచ్చితే షా. నేను షా అని ఎందుకన్నానంటే మన చెవి రాగం మీద పెరిగిన చెవి, సన్నాయి విన్నా వేణువు విన్నా మనం ముందు పట్టుకునేది గమనాన్నీ సంగతినీ, తర్వాతే మిగతావి. షా వాయింపులో ఆ పట్టుకునే దారం మొదటి నిమిషంలోనే చేతికొస్తుంది.

క్లారినెట్ గురించి ఒక్క ముక్క చెప్పకపోతే వీళ్లు చేసింది ఎంత కష్టమో తెలీదు. సాక్సోఫోన్‌లో, ఫ్లూట్‌లో కింది స్థాయిలో స పలికించిన వేళ్లే పై స్థాయిలో కూడా స పలికిస్తాయి. క్లారినెట్‌లో అలా కాదు, కింద స పలికించిన వేళ్లు వెనకాల బొటనవేలి దగ్గరుండే రిజిస్టర్ కీ అనే మీట నొక్కగానే పై స్థాయి ప పలికిస్తాయి. అంటే కింద ఒక లెక్క, పైన ఇంకో లెక్క, మధ్యలో దాటే చోట గొంతు కూడా మారిపోతుంది, కింద మంద్రంలో చెక్కలోంచి వచ్చినట్టు బరువుగా, మధ్యలో కొంచెం పలచగా, పైన వెలుగు లాగా. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఆ దాటే చోట తడబాటు చెవికి తెలిసిపోతుంది. షా దగ్గర ఆ అతుకే కనపడదు, పైగా మామూలుగా మిగతావాళ్లు ఎక్కడానికి జంకే పై స్వరాల్లో కూడా నింపాదిగా కూర్చుని పాడతాడు. గుడ్‌మన్ వేరే రకం, అతనికి ప్రతి స్వరం విడివిడిగా, ముత్యం ముత్యం లెక్కపెట్టి పేర్చినట్టు, వేగంలో కూడా ఒక్కటి చెదరదు, చిన్నప్పుడు షికాగోలో ఫ్రాంజ్ షెప్ అనే క్లాసికల్ గురువు దగ్గర పడిన పునాది అది.

ఇద్దరి పుట్టుకలు దగ్గర దగ్గర. గుడ్‌మన్ 1909 మే 30న షికాగోలో, షా 1910 మే 23న న్యూయార్క్‌లో, ఇద్దరూ బయట దేశాల నుంచి వచ్చిన పేద యూదు కుటుంబాల పిల్లలే. గుడ్‌మన్ ఇంట్లో పన్నెండు మంది పిల్లలు, ఇతను తొమ్మిదో వాడు, తండ్రి పశువుల కబేళాల్లో కూలి పని చేసేవాడు. షా అసలు పేరు ఆర్థర్ జేకబ్ అర్షాఫ్‌స్కీ, పెరిగింది కనెటికట్‌లో న్యూ హేవెన్‌లో, ముందు పట్టుకున్నది సాక్సోఫోన్ (మా తమ్ముడికి ఈ సంగతి చెబితే తెగ సంతోషపడ్డాడు). ఇద్దరూ పదిహేను పదహారేళ్లకే సంపాదనలో పడ్డారు, ఇద్దరూ 1930ల మొదట్లో న్యూయార్క్ రేడియో స్టూడియోల్లో ఎవరు పిలిస్తే వాళ్లకి వాయించే రోజు కూలీ మ్యుజీషియన్లుగా ఉన్నారు. అక్కణ్ణుంచే దారులు విడిపోయాయి.

గుడ్‌మన్ కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తా. 1934 చివర్లో ఎన్‌బీసీ రేడియోలో లెట్స్ డాన్స్ అని శనివారం రాత్రి ప్రోగ్రాం దొరికింది, దానికి ఫ్లెచర్ హెండర్సన్ రాసిన ఏర్పాట్లు (అరేంజ్‌మెంట్లు, అంటే పాటలో ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసి పెట్టినవి) వాయించాడు. హెండర్సన్ నల్లజాతి బ్యాండ్ లీడర్, స్వింగ్ అనే ఆ ఊపుకి కాగితం మీద రూపం ఇచ్చిన వాళ్లలో ముఖ్యుడు, ఆయన పేరు ఎత్తకుండా గుడ్‌మన్ని స్వింగ్ రాజు అంటే అన్యాయమే. 1935 ఎండాకాలంలో దేశం ఈ చివర్నుంచి ఆ చివరికి టూర్ వెళ్తే చాలా చోట్ల జనం పట్టించుకోలేదు, ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్ పాలొమార్ బాల్‌రూంలో మాత్రం హెండర్సన్ పాటలు తియ్యగానే కుర్రాళ్లు స్టేజి చుట్టూ మూగారు. కారణం చాలా చిన్నది: తూర్పున అర్ధరాత్రి దాటాక వచ్చే రేడియో ప్రోగ్రాం పడమటి తీరంలో మూడు గంటలు ముందు, పిల్లలు మేలుకుని ఉండే టైముకే వినపడేది, ఆ పాటలు వాళ్లకి అప్పటికే నోటికొచ్చేశాయి. స్వింగ్ కాలం ఆ రాత్రి నుంచి మొదలైందని లెక్క కడతారు. తర్వాత 1938 జనవరి 16న న్యూయార్క్‌లో క్లాసికల్ కచేరీలకి పేరున్న కార్నెగీ హాల్లో కచేరీ, కౌంట్ బేసీ, డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండ్ల నుంచి కూడా మనుషులు వచ్చి వాయించారు, ఆ రికార్డింగు 1950లో గానీ ప్లేట్లుగా బయటికి రాలేదు. గుడ్‌మన్ని ఎంచుకుంటే మీ మొదటి ఆల్బం ఇదే అవ్వాలి, సింగ్ సింగ్ సింగ్ అందులో పన్నెండు నిమిషాలు, దాని చివర్లో జెస్ స్టేసీ పియానో మీద మెల్లగా, గుళ్లో దీపం పెట్టినట్టు వాయించిన ఆ రెండు నిమిషాలు నాకైతే డ్రమ్ముల కంటే ఎక్కువ ఇష్టం.

గుడ్‌మన్లో పెద్ద బ్యాండు కంటే చిన్న గుంపులే గొప్ప అని నా గట్టి నమ్మకం. టెడ్డీ విల్సన్, హ్యాంప్టన్ ఇద్దరూ నల్లజాతి వాళ్లు, 1936లో వాళ్లని తెల్లవాళ్లతో కలిపి జనం ముందు స్టేజి ఎక్కించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1939లో చార్లీ క్రిస్టియన్ ఎలెక్ట్రిక్ గిటారుతో వచ్చాక సెక్స్‌టెట్ (ఆరుగురి గుంపు) రికార్డులు రోజ్ రూం, ఫ్లయింగ్ హోం, సెవెన్ కం ఇలెవెన్ వినండి, ఇవాళ్టి గిటారు వాళ్లకి కూడా పాఠాలే. క్లాసికల్ వైపు ఆసక్తి ఉంటే గుడ్‌మన్‌కే ఓటు, హంగరీ కంపోజర్ బార్తోక్ చేత 1938లో కాంట్రాస్ట్స్ అనే రచన రాయించుకున్నాడు, అమెరికన్ కంపోజర్ కోప్లాండ్ చేత క్లారినెట్ కాన్చెర్టో (ఒక వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రాయించుకుని 1950లో మొదటిసారి వాయించాడు, నలభై ఏళ్ల వయసులో రెజినాల్డ్ కెల్ అనే ఇంగ్లీషు క్లాసికల్ క్లారినెట్ విద్వాంసుడి దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరి పెదాల పట్టు దగ్గర్నుంచి మార్చుకున్నాడు. అప్పటికే ప్రపంచమంతా పేరున్న మనిషి మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవడం, నాకు ఆ ఒక్క విషయానికే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు షా. గుడ్‌మన్ని ఎంచుకుంటే పని సులువు, కార్నెగీ హాలు ఒకటి, చిన్న గుంపులు ఒకటి, అయిపోయింది. షాలో అలా కుదరదు, ఎందుకంటే ఈయన బ్యాండు కట్టడం, పేరు రాగానే విరక్తితో రద్దు చెయ్యడం, మళ్లీ పూర్తిగా వేరే రకం బ్యాండు కట్టడం, మళ్లీ రద్దు, ఇలా దాదాపు ఇరవై ఏళ్లు నడిపాడు. ఏ షాని వింటున్నారో తెలీకుండా యాదృచ్ఛికంగా ఏదో ఒకటి పెడితే ఈయన మీద తప్పుడు అభిప్రాయం ఏర్పడిపోతుంది. నా స్నేహితుడొకడు గాయనీ గాయకుల పాటలే ఉన్న ఒక కలెక్షన్ విని ఇందులో క్లారినెట్ ఏదీ అని వదిలేశాడు, నాకు ఇప్పటికీ బాధే.

అసలు పేరు వచ్చింది 1936 మే నెలలో న్యూయార్క్ ఇంపీరియల్ థియేటర్లో జరిగిన స్వింగ్ కచేరీలో. పెద్ద పెద్ద బ్యాండ్లు వాయిస్తుంటే మధ్యలో ఖాళీ నింపడానికి చిన్న గుంపులు కావాలన్నారు, షా ఏం చేశాడంటే నాలుగు తీగ వాయిద్యాల క్వార్టెట్‌నీ తన క్లారినెట్‌నీ కలిపి ఇంటర్‌లూడ్ ఇన్ బి ఫ్లాట్ అని సొంతంగా రాసి వాయించాడు. జనం మళ్లీ మళ్లీ అన్నారు. ఆ ఊపులో వయొలిన్లతో బ్యాండు కట్టాడు గానీ డాన్స్ హాళ్లలో అది నిలబడలేదు, గోల కావాలి వాళ్లకి. సరే అని మామూలు ట్రంపెట్లు ట్రోంబోన్లు సాక్సోఫోన్లతో మళ్లీ కట్టాడు.

ఆ బ్యాండే 1938 జులై 24న బ్లూబర్డ్ అనే రికార్డు లేబుల్‌కి బిగిన్ ది బిగీన్ రికార్డు చేసింది. కోల్ పోర్టర్ పాట, 1935లో ఒక నాటకానికి రాసినది, మామూలు పాట 32 బార్లు (మన తాళం ఆవర్తనాల్లాంటి లెక్క) ఉంటే ఇది 108, అంత పొడుగు పాట ఎవరికి గుర్తుంటుందని కంపెనీ వాళ్లకి నమ్మకం లేదు, ప్లేటుకి అసలు వైపు ఇండియన్ లవ్ కాల్ పెట్టి దీన్ని వెనక వైపు వేశారు. ఆ వెనక వైపే దేశాన్ని ఊపేసింది, షా రాత్రికి రాత్రి గుడ్‌మన్‌కి పోటీ అయిపోయాడు. జెర్రీ గ్రే చేసిన ఆ ఏర్పాటులో మొదట బ్యాండంతా కలిసి తలుపు కొట్టినట్టు కొడుతుంది, వెంటనే క్లారినెట్ పాట ఎత్తుకుంటుంది, పెద్ద హంగామా ఏం చెయ్యదు, పాటని పాటలా పాడుతుంది, చివర్లో మాత్రం కింద నుంచి పైకి జారుతూ వెళ్లే ఒక్క పరుగు ఉంటుంది, దానికోసం ఎదురుచూడండి.

అదే రోజు ఇంకో పాట కూడా రికార్డయ్యింది, ఎనీ ఓల్డ్ టైం, పాడింది బిల్లీ హాలిడే. షా రాసిన పాటే. తెల్లవాళ్ల బ్యాండులో నల్లజాతి గాయనిని పూర్తి కాలానికి పెట్టుకుని దక్షిణాది రాష్ట్రాల్లో తిప్పడం 1938లో అంటే ఆలోచించండి. అవమానాలు చాలా పడింది ఆవిడ, న్యూయార్క్‌లో బ్యాండు వాయించే హోటల్లోనే సామాన్లు ఎక్కించే లిఫ్టులో వెళ్లమన్నారు, ఏడాది తిరక్కుండానే వదిలేసింది. షాతో ఆవిడ గొంతు స్టూడియోలో మిగిలింది ఈ ఒక్క పాటలోనే, మూడు నిమిషాలు, దీన్ని మాత్రం ఏ జాబితాలోంచీ తియ్యొద్దు. తర్వాత 1944, 45ల్లో రాయ్ ఎల్‌డ్రిడ్జ్ అనే గొప్ప ట్రంపెట్ మనిషిని పెట్టుకున్నప్పుడు కూడా ఇదే పరిస్థితి, తన పేరు బోర్డు మీద ఉన్న హాల్లోకే ఆయన్ని రానివ్వని రోజులున్నాయి.

1938, 39 బ్యాండు కావాలనుకుంటే స్టూడియో రికార్డుల కంటే రేడియో ప్రసారాలవి దొరికితే ముందు అవి తీసుకోండి, హోటల్ లింకన్ బ్లూ రూం నుంచి, హోటల్ పెన్సిల్వేనియా కఫే రూజ్ నుంచి వచ్చినవి. 1939లో డ్రమ్స్ మీద బడ్డీ రిచ్, ఇరవై ఒకటి రెండేళ్ల కుర్రాడు, స్టూడియోలో కట్టేసినట్టున్న బ్యాండు అక్కడ తాడు తెంపుకున్న కోడె లాగా పరిగెత్తుతుంది. ట్రాఫిక్ జాం, కారియోకా లాంటివి వింటే తెలుస్తుంది. డాన్స్ కోసం, జిమ్‌లో నడక కోసం, పొద్దున్నే హుషారు కోసం అయితే ఈ షానే. అయితే ఇదే బ్యాండుని 1939 నవంబర్లో కఫే రూజ్ స్టేజి మీంచి దిగి వదిలేసి వెళ్లిపోయాడు, నిజంగానే అలా నడిచి వెళ్లిపోయాడు, మెక్సికోకి. పేరు, డబ్బు, సంతకాల కోసం మీద పడే జనం, ప్రతి రాత్రీ అదే బిగిన్ ది బిగీన్, ఇవి భరించలేకపోయాడు. నేను మొదట్లో ఇది పొగరు అనుకునేవాణ్ణి, ఆయన తర్వాత తర్వాత వాయించినవి విన్నాక అభిప్రాయం మారింది, వాయించిందే వాయించమంటే చేతులాడని రకం మనిషి అంతే.

మెక్సికోలో విన్న ఫ్రెనెసీ అనే పాటని 1940 మార్చిలో వయొలిన్లు, ఫ్లూట్ లాంటి ఉడ్‌విండ్లు పెట్టి రికార్డు చేస్తే అది ఆ ఏడాది చివరికి అమెరికాలో నంబర్ వన్. ఏర్పాటు చేసింది విలియం గ్రాంట్ స్టిల్, నల్లజాతి క్లాసికల్ కంపోజర్లలో పెద్ద పేరు. ఆ వెంటనే వచ్చిన 1940, 41 బ్యాండే నాకు షా అంటే. కొత్తవాళ్లకి నేను ముందు పెట్టేది కూడా ఇందులోంచే, 1940 అక్టోబర్ 7న చేసిన స్టార్ డస్ట్. మొదట బిల్లీ బటర్‌ఫీల్డ్ ట్రంపెట్ మీద పాట చెబుతాడు, అది వినగానే ఇంతకంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది, అప్పుడు షా వస్తాడు. ఆ సోలో రాసుకుని కంఠస్థం చేసినవాళ్లు క్లారినెట్ లోకంలో ఎంతమందో, ప్రతి వాక్యం ఇంకో దారిన వెళ్లలేదు అన్నట్టు ఉంటుంది, పైకి ఎక్కుతున్నప్పుడు గొంతు సన్నబడకుండా ఇంకా విచ్చుకుంటుంది. తర్వాత జాక్ జెన్నీ ట్రోంబోన్ ఎనిమిదే బార్లు, ఆ ఎనిమిది బార్లకే ఆ మనిషి పేరు ఇప్పటికీ తల్చుకుంటారు. రాత్రిపూట లైట్లు తగ్గించి వినండి, పని చేసుకుంటూ వద్దు.

అదే 1940లో పెద్ద బ్యాండులోంచి కొందర్ని తీసి గ్రామర్సీ ఫైవ్ అని చిన్న గుంపు కట్టాడు, పేరు న్యూయార్క్ టెలిఫోన్ ఎక్స్చేంజిది, మనుషులు మాత్రం ఆరుగురు. ఇందులో జానీ గ్వార్నేరీ పియానో బదులు హార్ప్సికార్డ్ వాయించాడు, రెండు మూడొందల ఏళ్ల కిందటి రాజదర్బారు వాయిద్యం, టింగు టింగుమని తీగ మీటినట్టు పలుకుతుంది, జాజ్‌లో అప్పటికి అది వింతే. సమ్మిట్ రిడ్జ్ డ్రైవ్ పెట్టండి, అది షా ఇంటి వీధి పేరు, ప్లేటు పది లక్షలకి పైగా అమ్ముడైంది. పిల్లలకి వినిపించాలంటే ఇంతకంటే మంచిది లేదు, వెంటనే పట్టుకుంటారు.

ఒక ఆటలాగా చూసుకోవాలంటే గుడ్‌మన్ సెక్స్‌టెట్నీ షా గ్రామర్సీ ఫైవ్‌నీ పక్కపక్కన పెట్టండి. ఇక్కడ నా మొగ్గు గుడ్‌మన్ వైపే, నిజం చెప్పాలిగా. షా చిన్న గుంపు ముద్దుగా, ముందే కుట్టిపెట్టిన జాకెట్టులా ఉంటుంది, చార్లీ క్రిస్టియన్ పక్కన ఉన్న గుడ్‌మన్ మాత్రం ఆ నిమిషానికి ఆ నిమిషం పుట్టిస్తున్నట్టు ఉంటాడు. పెద్ద బ్యాండులో క్లారినెట్ గొంతు పరంగా అయితే షా. షా ఇంటర్వ్యూల్లో చెప్పుకునేవాడు, గుడ్‌మన్ ఎప్పుడూ క్లారినెట్ గురించే మాట్లాడతాడు, తనకి మాత్రం కావాల్సింది సంగీతం అని. గుడ్‌మన్‌కి అది న్యాయమైన మాట కాదు గానీ షా తనని తాను ఎలా చూసుకున్నాడో దానివల్ల తెలుస్తుంది.

కాన్చెర్టో ఫర్ క్లారినెట్ గురించి: 1940లో డాన్స్ హీరో ఫ్రెడ్ అస్టైర్ సినిమా సెకండ్ కోరస్ కోసం షా రాసింది, ప్లేటుకి రెండు వైపులా కలిపి తొమ్మిది నిమిషాల పైన. కాలేజీ క్లారినెట్ విద్యార్థులు ఇప్పటికీ వాయిస్తారు, ముగింపులో పైపైకి పాకి చిట్టచివరి మెట్టు మీద నిలబడే స్వరం కోసమే చాలామంది వింటారు. నాకు ఇది నైపుణ్యం చూపించే ముక్కగానే అనిపిస్తుంది, గుండెకి తగిలేది స్టార్ డస్టే. వాయిద్యం నేర్చుకునేవాళ్లు మాత్రం తప్పకుండా వినాలి.

యుద్ధం వచ్చాక 1942లో షా నేవీలో చేరి పసిఫిక్ దీవుల్లో సైనికులకి వాయించి, బాగా చితికిపోయి 1944లో బయటికొచ్చాడు. ఎల్‌డ్రిడ్జ్ ఉన్న 1944, 45 బ్యాండు చాలామంది వదిలేసేది, మీరు వదలొద్దు, అప్పటికే గాలి బీబాప్ (డాన్స్ కోసం కాకుండా వినడానికి వాయించే, వేగమైన చిక్కు మలుపుల కొత్త జాజ్) వైపు తిరిగింది, బ్యాండు బిగువు మారింది, లిటిల్ జాజ్ అనే పాట ఎల్‌డ్రిడ్జ్ కోసమే. దీని తర్వాత 1949లో పూర్తిగా కొత్త తరం వాళ్లతో ఇంకో బ్యాండు కట్టాడు, జనం పాత పాటలే అడిగారు, కొద్ది నెలల్లో అయిపోయింది. ఎనిమిది పెళ్లిళ్లు, లానా టర్నర్, ఏవా గార్డ్‌నర్ లాంటి సినిమా తారలు, ఆ కథలన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, సంగీతం ఎంచుకోడానికి వాటి అవసరం లేదు.

కొనేటప్పుడు గానీ యాప్‌లో వెతికేటప్పుడు గానీ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఆర్టీ షా పేరు మీద స్టీరియోలో తళతళలాడుతూ బిగిన్ ది బిగీన్ వినపడితే అది అసలుది కాదు. 1968లో క్యాపిటల్ కంపెనీ 1938 బ్యాండుని మళ్లీ సృష్టించింది, అందులో క్లారినెట్ వాయించింది వాల్ట్ లెవిన్‌స్కీ. 1983 తర్వాత షా పేరుతో తిరిగిన ఆర్కెస్ట్రాలో వాయించింది డిక్ జాన్సన్. ఇద్దరూ మంచి వాద్యకారులే, కానీ మీరు వెతికేది షా ఊపిరి. కాబట్టి ఏడాది చూడండి, చివర్లో చెప్పే 1954వి తప్ప 1936 నుంచి 1945 మధ్య, లేబుల్ ఎక్కువగా బ్లూబర్డ్ లేదా విక్టర్ అని ఉండాలి. గుడ్‌మన్ కూడా 1950ల్లో పాత పాటలు తనే మళ్లీ చేశాడు, అవి అతనే కాబట్టి మోసం కాదు గానీ 1930ల నాటి వేడి వేరు. ఇంకోటి, గీరల శబ్దం పూర్తిగా తుడిచేసిన కాపీలు తీసుకోకండి, గీరతో పాటు క్లారినెట్ పై గొంతులో ఉండే గాలి కూడా పోతుంది, దుప్పటి కప్పి వాయించినట్టు అవుతుంది. కాస్త నూనె మరిగే చప్పుడు ఉన్నా ఫర్వాలేదు, పది సెకన్లలో చెవి అలవాటు పడిపోతుంది.

ఇద్దరూ వద్దు, వేరే దారి కావాలంటే వుడీ హెర్మన్ ఉన్నాడు. క్లారినెట్ వాయించేవాడిగా ఈ ఇద్దరి స్థాయి కాదు, బ్యాండు నడిపినవాడిగా మాత్రం గట్టివాడు, స్ట్రావిన్‌స్కీ అంతటి క్లాసికల్ కంపోజర్ ఆయన బ్యాండు కోసం ఎబొనీ కాన్చెర్టో రాశాడు, 1946లో కార్నెగీ హాల్లో వాయించారు. ఎలింగ్టన్ దగ్గర ఉన్న బార్నీ బిగార్డ్ న్యూ ఆర్లీన్స్ మనిషి, మంద్రంలో ఆ చెక్క గొంతు కోసం మూడ్ ఇండిగో వినండి చాలు.

షా ఎంచుకున్నవాళ్లకి ఆఖరిది, నేను దాచిపెట్టుకుని చెప్తున్నది, 1954 గ్రామర్సీ ఫైవ్ రికార్డింగులు. పియానో హ్యాంక్ జోన్స్, గిటారు టాల్ ఫార్లో, బాస్ టామీ పాటర్. ఇక్కడ మూడు నిమిషాల కట్టుబాటు లేదు, డాన్స్ చేసే జనం లేరు, బీబాప్ అంతా విని జీర్ణం చేసుకున్న నలభై మూడు నాలుగేళ్ల మనిషి చాలా మెత్తగా, ఎవరికీ ఏమీ రుజువు చెయ్యక్కర్లేదన్నట్టు వాయిస్తాడు. గుడ్‌మన్ బీబాప్‌ని కొన్నాళ్లు ప్రయత్నించి వెనక్కి వచ్చేశాడు, షా మాత్రం తన గొంతు వదలకుండానే లోపలికి వెళ్లాడు. వీటి తర్వాత క్లారినెట్ పక్కన పెట్టేశాడు, మళ్లీ ముట్టుకోలేదు, 2004 డిసెంబర్ 30న తొంభై నాలుగేళ్లకి పోయేదాకా యాభై ఏళ్లు. గుడ్‌మన్ 1986 జూన్‌లో పోయేదాకా సాధన చేస్తూనే ఉన్నాడు. ఈ 1954వి మాత్రం మొదట వినకండి, 1938, 1940 విన్నాక వినండి, అప్పుడే ఎక్కడ మొదలైన మనిషి ఎక్కడిదాకా వచ్చాడో చెవికి తెలుస్తుంది.

మా తమ్ముడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. స్టార్ డస్ట్ బాగుందన్నాడు గానీ వాడు వారమంతా పెట్టుకున్నది గుడ్‌మన్ మూన్‌గ్లో అంట, ఆ గంటల్లా మోగే వాయిద్యం ఎవరిది అన్నా అని అడిగాడు. హ్యాంప్టన్ పేరు చెప్పాను, ఆ నలుగురివే ఎవలాన్, డైనా కూడా పంపించాను, షా 1954 లింకు ఇంకా పంపలేదు.